ఒక రింగు తిరగబడింది, అందుకే మీ జీపులు ఆలస్యం

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో మన షెడ్డులో జీపులు వదిలి, ఎప్పుడిస్తావయ్యా అని రోజూ ఫోన్ చేస్తున్న వాళ్లందరికీ ఒకేసారి చెప్పేస్తున్నా. సంక్రాంతికి ఇస్తానన్న బళ్లు సంక్రాంతికి రావు. పార్టులు దొరక్క కాదు, తప్పు నాదే.

కిందటి నెల ఒక డిస్పోజల్ జీపుకి, అంటే మిలిటరీ వాళ్లు వాడి అమ్మేసిన దానికి, ఇంజిన్ పని మొత్తం చేసి పంపాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్, ఫ్లాట్‌హెడ్, అంటే వాల్వులన్నీ బ్లాకులోనే పక్కన నిలబడి ఉంటాయి, పైన హెడ్డు ఉత్త మూత. మహీంద్రా వాళ్లు తర్వాత చాలా ఏళ్లు చేసిన హరికేన్ వేరు, దాంట్లో ఇన్‌టేక్ వాల్వు హెడ్డులోకి పోయింది. మీది ఏదో ముందే చూసి చెప్పండి బాబూ, గ్యాస్కెట్లు తెప్పించాక కాదు.

సరే, ఆ బండి సిలిండర్లని 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజుకి రీబోర్ చేయించి, అంటే లోపల తొలిపించి, కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ గాడుల్లో కూర్చునే రింగులు వేసి ఇచ్చాం. నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక ఓనరు గారి ఫోన్: "వెనకాల వచ్చేవాళ్లు దోమల మందు బండి అనుకుంటున్నారయ్యా." కొత్త రింగులు కదండీ, సిలిండర్ గోడకి ఒరుసుకుని కూర్చునేదాకా కాస్త పొగ ఉంటుంది అని సర్దిచెప్పా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెయ్యి దాటినా నీలం పొగ తగ్గలేదు.

బండి తెప్పించి కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడి పడుతోందో, చూస్తే నాలుగు సిలిండర్లూ 100 పీఎస్ఐకి అటూ ఇటూ, వంక పెట్టడానికి లేదు. మూడో ప్లగ్గు మాత్రం నూనెలో ముంచి తీసినట్టుంది. వాల్వు గైడ్ (వాల్వు కాడ ఆడే గొట్టం) అరిగిందనుకుని ఒక రోజంతా దాని మీద పోగొట్టా. చివరికి హెడ్డు, ఆయిల్ చాంబర్ దింపి పిస్టన్ పైకి లాగితే, రెండో రింగు తలకిందులు. చిన్న చుక్క ఉంటుంది రింగు మీద, గోటితో తడిమితే తెలిసేంత, అది పైకి ఉండాలి, మాది కిందికి ఉంది. ఆ రింగు అంచు కాస్త ఏటవాలుగా ఉంటుంది, సరిగ్గా వేస్తే దిగేటప్పుడు గోడ మీది నూనెని కిందికి గీకుతుంది, తిరగేస్తే అదే పనిగా పైకి తోడుతుంది. కంప్రెషన్ మాత్రం బాగానే చూపిస్తుంది, అదే మోసం.

వేసింది మా కుర్రాడే, కానీ చూడకుండా బిగించమన్నది నేను. ఆ రోజు మూడు బళ్లు ఒకేసారి నెత్తిన పెట్టుకున్నా.

ఇప్పుడు రింగులు నేనే వేస్తున్నా. ఒక్కో రింగునీ దాని సిలిండర్లోనే పెట్టి, పిస్టన్ తిరగేసి దాంతో నెట్టి వంకర లేకుండా కూర్చోబెట్టి, ఫీలర్ గేజ్‌తో, అంటే పల్చటి కొలత రేకులతో, రింగు రెండు కొసల మధ్య గ్యాపు చూస్తున్నా. ఈ ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 3⅛ అంగుళాలు, అంగుళానికి 4 థౌ లెక్కన పన్నెండున్నర థౌ గ్యాపు రావాలి. మొన్న తెప్పించిన సెట్టులో రెండు రింగులకి 6 కూడా లేదు. అలాగే వేసేస్తే వేడికి సాగి రెండు కొసలూ ఒకదాన్నొకటి తన్నుకుని రింగు విరుగుతుంది, సిలిండర్ గోడ గీరుకుపోతుంది. కాబట్టి ఆకురాయితో కొంచెం కొంచెం రుద్దడం, మళ్లీ పెట్టి చూడడం. పన్నెండు రింగులకి పూట పడుతోంది. రీబోర్ అక్కర్లేని బళ్లకైతే సిలిండర్ పైన అరగకుండా మిగిలిన గట్టుని ముందు తీసెయ్యాలి, లేదంటే కొత్త పై రింగు వెళ్లి దానికి కొట్టుకుంటుంది. ఆ పని కూడా ఇకమీదట బయట లేత్ షాపుకి ఇవ్వను.

దీనివల్ల నెలకి రెండు ఇంజిన్లే. రెండు వేలు లేబర్ పెంచుతున్నా, కొత్తగా వచ్చే బళ్లకి మాత్రమే. ఇప్పటికే షెడ్డులో ఉన్నవాటికి పాత రేటే. ఆ పొగ జీపుకి నాలుగు సిలిండర్లకీ కొత్త సెట్టు, మళ్లీ హోనింగ్ (సిలిండర్ గోడని రాయితో సన్నగా రుద్దడం), నూనె, అన్నీ నా ఖర్చే, పైసా తీసుకోలేదు.

బండి చేతికొచ్చాక మీరు చేయాల్సింది ఒకటుంది. స్టార్ట్ చేసి ఇంటి ముందు అరగంట అలా వదిలెయ్యకండి, రోడ్డెక్కించి కాస్త లోడు ఇస్తూ వదుల్తూ నడపండి, రింగులు అప్పుడే కూర్చుంటాయి. మొదటి 500 కిలోమీటర్లకి నూనె మార్చాలి, సింథటిక్ వద్దు. ఆ తర్వాత కూడా పొగ వస్తే "కొత్త రింగులు కదా" అని ఈసారి అనను, తీసుకురండి.

ఆగలేం అనుకునేవాళ్లు శనివారం లోపు చెప్పండి, అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చేస్తా. విప్పిన ఇంజిన్లు మాత్రం ట్రేలో సర్ది, నంబర్లు రాసి ఇస్తా, ఏ రింగు ఏ సిలిండర్‌దో కలవకుండా.