తుక్కులో దొరికే గన్ ఆసిలేటర్లు

సంపాదక మహాశయులకు,

ఇటీవల విజయనగరంలోని ఒక తుక్కు దుకాణంలో, ఏదో ప్రయోగశాల తీసివేసిన గన్ ఆసిలేటరును (గన్ డయోడుతో మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే పరికరాన్ని) 400 రూపాయలకు కొన్నాను. ధ్రువాలు తారుమారైతే లోపలి డయోడు కాలిపోతుంది కనుక, ముందు వాటిని సరిచూసుకొని వోల్టేజిని సున్నా నుంచి మెల్లగా పెంచాలి. కరెంటు మొదట పెరిగి, ఒక హద్దు దాటాక తగ్గితే డయోడు బాగున్నట్లే. ఎదుట రేకును నిలిపి జరుపుతుంటే, 10 గిగాహెర్ట్జ్ వద్ద దాదాపు ప్రతి ఒకటిన్నర సెంటీమీటరుకూ తరంగాలను పసిగట్టే డిటెక్టరులో సంకేతం సన్నగిల్లుతుంది; ఈ దూరం తరంగదైర్ఘ్యంలో సగం. మామూలు స్కేలుతో తరంగదైర్ఘ్యం కొలవగలగడం నాకెంతో ఆనందమిచ్చింది. తరంగాలు వెలువడే లోహపు గొట్టమైన వేవ్‌గైడు నోటిలోకి మాత్రం ఎవరూ తొంగిచూడరాదు. ఇలాంటి పరికరాలను తూకానికి అమ్మేసే కళాశాలలు, వాటి వివరపత్రాలతో సహా, ఆసక్తిగల విద్యార్థులకే నామమాత్రపు ధరకు ఇవ్వాలని నా విన్నపం.

— ఒక పాఠకుడు, విజయనగరం