దోమల చేపలు వదిలేముందు చెరువు నీటిని చూడండి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరులో మా వీధి వెనకున్న చెరువులో దోమ పిల్లలను తింటాయని మళ్లీ గంబూసియా చేపలు వదులుతారని విన్నాను. దోమల బాధ పడలేక నిద్ర లేని రాత్రులు మా ఇంట్లోనూ ఉన్నాయి. అయినా మురుగు కాలువలు కలిసే చెరువులో ఈ చేపలను వదలడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి కారణం చెప్పకుండా ఉండలేను.

ఆ నీటిని గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూగా ఉండే చుక్కలు కుదుపు కుదుపుగా ఈదుతుంటాయి. అవి మొయినాలు, అంటే రొయ్యల వర్గానికి చెందిన చిన్న నీటిజీవులు. సూక్ష్మదర్శిని కింద పెడితే అద్దంలాంటి ఒంట్లో గుండె కొట్టుకోవడం, పేగు నిండా పచ్చటి నాచు కనిపిస్తాయి. కాళ్లకున్న సన్నటి నూగుతో నీటిని వడకట్టి నాచునూ బ్యాక్టీరియానూ తింటాయి. బ్యాక్టీరియాను మేసే కశాభజీవులనూ (కొరడాలాంటి పోగుతో ఈదే ఏకకణజీవులను) వదలవు.

గంబూసియాకు దోమ పిల్ల అయినా ఒకటే, మొయినా అయినా ఒకటే. అమెరికాలో హర్ల్‌బర్ట్ అనే శాస్త్రవేత్త బృందం ఈ చేపలను ప్రయోగ కుంటల్లో వదిలి చూసింది. జంతు ప్లవకాలు, అంటే మొయినాల్లాగా నీటిలో తేలాడే చిన్న జంతువులు, బాగా తగ్గిపోయాయి, నాచు విపరీతంగా పెరిగింది. ఆ ఫలితాలు అచ్చయింది 1972లో! ఇన్నేళ్లయినా మనం చెరువు గట్టున నిలబడి డబ్బాలకొద్దీ చేపలు ఒంపుతూనే ఉన్నాం.

బ్యాక్టీరియా సంగతి ఇంకాస్త చిక్కు. మొయినాలు పోతే కశాభజీవులు పెరిగి, తమ నోటికి సరిపడే బ్యాక్టీరియాను ఏరుకుని తింటాయి. మింగుడుపడని పొడవాటి పోగులు, మరీ చిన్నవి మిగులుతాయి. మొత్తం సంఖ్య పెద్దగా మారకపోయినా ఏ రకాలు ఎంతెంత అన్నది మారిపోతుంది. కాబట్టి లెక్క ఒక్కటే చూసి నీటి మంచిచెడ్డలు తేల్చలేం.

మొయినాలుంటే చాలు, మురుగు దానంతటదే శుభ్రపడుతుందని నేననను. నత్రజని, భాస్వరం వచ్చి పడుతున్నంత కాలం మొయినాలు తినే నాచుకన్నా పెరిగే నాచే ఎక్కువ. మొయినాల విసర్జనతో కొంత భాస్వరం తిరిగి నీళ్లలోకే చేరుతుంది కూడా. మురుగును శుద్ధి చేసి వదలడమే మొదటి పని. ఈలోగా గంబూసియాను సిమెంటు తొట్లకు, వాడకంలో లేని బావులకు పరిమితం చేయాలి. చెరువులో వదలాలనుకుంటే ముందు సన్నకన్ను వల లాగి ప్లవకాలు చూడాలి. సూక్ష్మదర్శిని నా దగ్గరుంది, ఎప్పుడు పిలిచినా తీసుకుని గట్టు మీదికి వస్తాను.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, చిత్తూరు