గడియారం కాదు, పనివేళలు మార్చండి

సంపాదకుల వారికి,

వేసవిలో దేశమంతటా గడియారాన్ని ముందుకు జరిపితే సాయంత్రపు విద్యుత్ భారం తగ్గుతుందనే వాదన అప్పుడప్పుడూ పత్రికల్లో కనిపిస్తూనే ఉంది. ఈశాన్య రాష్ట్రాలవారు తమకు వేరే ప్రామాణిక కాలం కావాలని అడగడంలో న్యాయముంది. జూన్‌లో వారికి నాలుగున్నరకే తెల్లవారుతుంది. గోదావరి డెల్టా సంగతి వేరు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు చేరువగా పోతుంది కనుక, గడియారానికీ సూర్యుడికీ మధ్య సగటు తేడా అమలాపురంలో రెండు నిమిషాలు, భీమవరంలో నాలుగు నిమిషాలు మాత్రమే. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు లోపు కాబట్టి వారికి వేకువ వెలుగును సాయంత్రానికి మళ్లించుకునే వీలుంది. మన పగటికి ఏడాది మొత్తంలో వచ్చే తేడా సుమారు రెండు గంటలే.

1916లో జర్మనీ ఈ పద్ధతిని మొదలుపెట్టింది యుద్ధకాలంలో బొగ్గు ఆదా కోసం. మన దేశంలోనూ 1942 నుంచి 1945 వరకు గడియారాన్ని గంట ముందుకు జరిపి, యుద్ధం ముగిశాక మానేశారు. నేటి ఖర్చు దీపాలది కాదు, ఏసీలది. 2006లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమంతటికీ ఈ విధానం వచ్చాక ఇళ్ల విద్యుత్ వాడకం ఒక శాతం దాకా పెరిగిందని పరిశోధకులు తేల్చారు. ఇక మన రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్లు నీటిలో ఆక్సిజన్ పడిపోయే రాత్రివేళ మొదలై, తెల్లవారి ఎండ పడేదాకా తిరుగుతూనే ఉంటాయి. గడియారం ఎంత చూపినా రొయ్యకు పట్టదు.

ఈ పద్ధతి చికాకు పిల్లలు అమెరికాలో ఉన్న కోనసీమ తల్లిదండ్రులకు కొత్త కాదు. న్యూజెర్సీతో మనకున్న పదిన్నర గంటల తేడా, అక్కడ గడియారాన్ని ముందుకు జరిపే మార్చిలో తొమ్మిదిన్నర అవుతుంది, వెనక్కి జరిపే నవంబరులో మళ్లీ మొదటికొస్తుంది. ఈ గడియారం మార్పును 2021 నాటికి ఆపేయాలని ఐరోపా పార్లమెంటు 2019లోనే ఓటు వేసినా, సభ్య దేశాల మధ్య ఏకాభిప్రాయం కుదరక అక్కడ నేటికీ ఆగలేదు.

ఎండను తప్పించుకునే ఉపాయం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతల కూలీలు చీకటితోనే చేలోకి దిగుతున్నారు. మండల కార్యాలయాలు, బ్యాంకులు మాత్రం మే నెలలోనూ పది గంటలకే తెరుస్తుండటంతో, వృద్ధులు, రైతులు మిట్టమధ్యాహ్నం దాకా వరుసల్లో మాడుతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో వీటిని ఉదయం ఏడున్నరకే తెరిచేలా ప్రభుత్వం ఉత్తర్వులివ్వాలని, బ్యాంకులనూ ఒప్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అమలాపురం