ముందు గ్రంథాలయం తాళం తీయించండి

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందటి మీ ఆదివారం అనుబంధంలో రిటైరైనవాళ్లు ఎలా బతకాలో ఒక పేజీ నిండా రాశారు. ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలు చేయించుకోవాలట. ఏదో ఒక హాబీ పెట్టుకోవాలట. పక్కన ట్రెడ్‌మిల్ ఎక్కి నవ్వుతున్న దంపతుల ఫొటో. అలాంటి దంపతులు మా వీధిలో ఎవరూ లేరు, అది వేరే సంగతి. కోపం తగ్గాక రాయమని మా ఆవిడ ఆపింది. తగ్గేలా లేదు కాబట్టి ఇక రాస్తున్నాను.

చెప్పింది మంచి మాటే. నాకు డెబ్బై దాటాయి, బీపీ ఉంది, షుగర్ ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలనీ, ఏటా రెటీనా చూపించుకోవాలనీ తెలియక ఊరుకున్నామా? ఎక్కడికి వెళ్లి చూపించుకోవాలో మాత్రం మీ వ్యాసంలో లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఆసుపత్రుల్లో వృద్ధులకు విడిగా క్యూ ఉండాలి. మా పట్టణం ప్రభుత్వాసుపత్రిలో ఆ క్యూ ఉంది, బోర్డు మీద. బోర్డు కింద కౌంటర్ మూసేసి, దానికి అడ్డంగా విరిగిన స్ట్రెచర్ ఒకటి పెట్టారు. చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఇంకో లైను, రక్తం ఇవ్వడానికి మూడోది. పరగడుపున రమ్మంటారు, సూది గుచ్చేసరికి పదకొండవుతుంది. షుగర్ ఉన్నవాళ్లు ఆ లైన్లోనే కళ్లు తిరిగి కూలబడుతుంటారు. మా పెన్షనర్ల సంఘం వెళ్లి అర్జీ ఇస్తే ‘సిబ్బంది కొరత’ అన్నారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. అప్పటి నుంచీ ఎంతమంది మంత్రులు మారారో!

డెబ్బై దాటినవాళ్లకు 2024 అక్టోబరులో కేంద్రం వయ వందన కార్డు ఇచ్చింది కదా అంటారు. ఇచ్చింది, 5 లక్షల రూపాయల వరకు వైద్యం. కానీ ఆసుపత్రిలో చేరితేనే. చేరాల్సిన అవసరం రాకుండా ముందే చేయించుకునే పరీక్షలకు ఆ కార్డు పనికిరాదు. అంటే జబ్బు ముదిరితేనే ప్రభుత్వం పలుకుతుంది. నేను సర్వీసంతా తపాలా శాఖలో చేశాను. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం (సీజీహెచ్‌ఎస్) కేంద్రం లేని చోట ఉండే మాలాంటి కేంద్ర పెన్షనర్లకు ఓపీ ఖర్చుల కింద నెలకు 1,000 రూపాయలు ఇస్తారు. అది 2017 జూలైలో ఖరారు చేసిన అంకె. ఈ వెయ్యిలో ఇద్దరి మందులూ, పరీక్షలూ, డాక్టరు ఫీజూ సర్దుకోవాలి. ఆదాయపు పన్నులో ముందస్తు పరీక్షలకు 5,000 రూపాయల వరకు మినహాయింపు ఉండేది. కొత్త పన్ను విధానంలోకి వస్తే అదీ లేదు.

ఇక మీ పత్రిక సంగతి కూడా చెప్పాలి. సలహాల పేజీ వచ్చిన రోజే పేపరు మడతలోంచి ‘ఫుల్ బాడీ చెకప్’ కరపత్రం జారిపడింది. మా పక్కింటాయన అలాంటి ప్యాకేజీ ఒకటి తీసుకున్నాడు. ఇరవై పేజీల రిపోర్టు ఇచ్చారు, అందులో సగం ఎర్ర అక్షరాలే. అది చూసి టెన్షన్‌తో ఆయన బీపీ పెరిగింది. ఏ ఎరుపుకి భయపడాలో, దేనికి అక్కర్లేదో చెప్పే డాక్టరు ఆ ప్యాకేజీలో లేడు, దానికి వేరే ఫీజు.

ప్రభుత్వం మాకు ఏటా మరిచిపోకుండా చేసే చెకప్ ఒక్కటే ఉంది. నవంబరులో, మేం బతికే ఉన్నామా లేదా అని. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. వేళ్లు అరిగిపోయి ముద్ర పడకపోతే మళ్లీ మళ్లీ నొక్కిస్తారు. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలంటున్నారు, సంతోషం. ఆ శ్రద్ధలో పదో వంతు మా కిడ్నీల మీద పెట్టినా బాగుండేది.

హాబీలంటారా? మాకు ఖర్చులేని హాబీ ఒకటి ఉండేది, సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లడం. నాలుగు పేపర్లు, రెండు వారపత్రికలు, కాస్త రాజకీయాల మీద పోట్లాట. ఇంట్లో కోడళ్లకూ ప్రశాంతంగా ఉండేది. ఇప్పుడు మా శాఖా గ్రంథాలయం సాయంత్రం తెరవడం లేదు. ఉన్న ఒక్క ఉద్యోగికి రెండు ఊళ్ల బాధ్యత అప్పగించారు. వారపత్రికలు ఆగిపోయాయి. వానాకాలంలో బాలసాహిత్యం బీరువా మీదకి నీళ్లు కారితే పుస్తకాలు ఎండబెట్టింది మేమే. మేమేమీ ఉచితంగా అడగడం లేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. వసూలు చేసేది మున్సిపాలిటీ, చేరాల్సింది గ్రంథాలయ సంస్థకు. మధ్యలో ఎక్కడ ఆగుతుందో అడిగితే ‘బడ్జెట్ సర్దుబాటు’ అంటారు. మా డబ్బుతో ఎవరి సర్దుబాటు?

1914లోనే బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిగిన రాష్ట్రం ఇది. అయ్యంకి వెంకట రమణయ్య గారు గ్రంథాలయాలకే జీవితం ధారపోశారు. పాతూరి నాగభూషణం గారు కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పించారు. ఇప్పుడు తారు రోడ్డు పక్కన, కరెంటు ఉన్న పక్కా భవనంలో ఉన్న గ్రంథాలయాన్ని సాయంత్రం మూడు గంటలు తెరవలేకపోతున్నాం. ఏటా నవంబరు 14న వారోత్సవాలకు మాత్రం శాలువాలు కప్పడానికి అందరూ వస్తారు.

పోనీ యాత్రలకు వెళ్దామంటే, రైల్లో మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం ఉన్న వృద్ధుల రాయితీని 2020 మార్చిలో కరోనా పేరుతో తీసేశారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం తిరిగి రాలేదు. పార్కు ఉంది కదా అనకండి, దాన్ని టైల్స్ వేయడానికని తవ్వి వదిలేశారు. ఉన్న బెంచీలు సిమెంటు బస్తాల పాలయ్యాయి.

కాబట్టి అయ్యా, వచ్చే ఆదివారం మళ్లీ ట్రెడ్‌మిల్ బొమ్మ వేయకుండా, మీ విలేకరిని మా మున్సిపల్ కార్యాలయానికి పంపండి. గత ఐదేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, అందులో ఎంత జమ చేశారు అని అడగమనండి. అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్లి, వృద్ధుల కౌంటర్ ఏ తేదీ నుంచి తెరుస్తారో రాయించుకోమనండి. ఆ రెండు జవాబులూ మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
విశ్రాంత తపాలా ఉద్యోగి,
గోదావరి జిల్లాల నుంచి