చెవి మిషనుతో పాటు మౌల్డులూ ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను బట్టలు కుట్టే మనిషిని. మా మనవరాలికి పుట్టుకతోనే వినికిడి తక్కువ. ఆ సంగతి మాకు తెలిసేసరికి పాపకు ఏడాదిన్నర నిండింది. పిలిస్తే పలకడం లేదని నాకు ముందే అనుమానం. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని ఇంట్లో అందరూ అంటే ఊరుకున్నాను. పుట్టిన నెలలోపు పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా మిషను అన్నది డాక్టర్లు చెప్పే లెక్కట. పడుకున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు. పాప పుట్టిన ఆసుపత్రిలో ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. కానీ నేను రాయాలనుకున్నది మిషను చేతికొచ్చాక పడ్డ బాధ గురించి.

ఒక క్యాంపులో రెండు చెవులకూ మిషన్లు ఉచితంగా ఇచ్చారు. సంతకం పెట్టించుకుని, ఫొటో తీసుకుని, డబ్బా చేతిలో పెట్టారు. చెవిలో దూర్చే రబ్బరు టిప్పులు పెద్దవాళ్లకీ పిల్లలకీ ఒకే రకం. ఇంటికి తెచ్చి పెడితే కుయ్యిమని ఒకటే ఈల. పాప పీకి విసిరేసింది. మళ్లీ పెట్టాం, మళ్లీ పీకింది. ఒకసారి నోట్లో పెట్టుకుంది. లోపలుండే బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికొస్తుందని తర్వాత తెలిసి వణికిపోయాను. ఇది మొండిది, పెట్టుకోదు అనుకుని డబ్బా బీరువాలో దాచేశాం. రెండు నెలలు అక్కడే ఉంది.

చివరికి విశాఖలో ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె ఆ టిప్పు చూసి, "పాప తప్పేం లేదమ్మా, ఇది ఈ చెవికి సరిపడేది కాదు" అన్నారు. దారం కట్టిన దూది ముక్క ముందుగా చెవిలో పెట్టి, మెత్తటి పిండిలాంటి పదార్థం నింపి అచ్చు తీశారు. ఆ అచ్చును బట్టి, మిషను చివర చెవిలో ఇమిడేలా చేసేదే మౌల్డు. కొలత తీసుకోకుండా కుట్టిన జాకెట్టు ఎవరికి పడుతుంది? మౌల్డు వదులైతే మిషనులోంచి వచ్చే శబ్దం బయటికి జారి మళ్లీ దాని మైకులోకే వెళ్తుందట. మేం విన్న ఈల అదే. బిగుతైతే చెవి ఒరుసుకుపోతుంది.

ఆమె చెప్పినట్టే అలవాటు చేశాం. కడుపు నిండి, నిద్ర తీరి, హుషారుగా ఉన్నప్పుడు టీవీ, మిక్సీ ఆపేసి పావుగంట పెట్టేవాళ్లం. పీకేస్తే కోప్పడకుండా కాసేపాగి మళ్లీ పెట్టేవాళ్లం. అలా పెంచుకుంటూ పోతే నెల తిరిగేసరికి నిద్ర, స్నానం వేళలు తప్ప రోజంతా ఉంచుకుంది. పాత నూలు చీర చింపి, గడ్డం కింద ముడేసేలా టోపీ కుట్టాను. గుడ్డ పల్చగా ఉండాలి, మందమైతే మైకు మూసుకుపోతుంది. కుక్కరు విజిలుకు కళ్లు గట్టిగా మూసుకుని ఏడుస్తుంటే ఆ సంగతి చెప్పాం. మిషన్ని కంప్యూటరుకు కలిపి పెద్ద శబ్దాలు తగ్గించారు. తలంటు రోజు చెవిలో నూనె చుక్కలు వేసే అలవాటు నాకుండేది, అదీ మానేశాను.

మౌల్డుతో మిషను పెట్టడం మొదలెట్టిన ఐదో రోజనుకుంటాను, వరండాలో నడుస్తున్న పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది. కాళ్లకేసి చూసుకుంది. ఒక కాలు నేలకేసి కొట్టి ఆగింది. మళ్లీ కొట్టింది. ఏడాదిగా కాళ్లకున్న మువ్వల పట్టీలే అవి. మోగుతాయని దానికి ఆరోజే తెలిసింది. నేను కుట్టు మిషను మీంచి లేచి వెళ్లి పక్కన కూలబడ్డాను. ఆ సాయంత్రమంతా అది కాళ్లు కొడుతూనే ఉంది.

ఆ రెండు నెలలూ డబ్బా బీరువాలో ఎందుకుండాలి? మా ఇంట్లోలాగే ఇంకెన్ని ఇళ్లల్లో ఉన్నాయో. పసిపిల్లల చెవి పెరుగుతూ ఉంటుంది కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి మౌల్డు మార్చాలి. ప్రతిసారీ పార్వతీపురం నుంచి విశాఖ వెళ్లాలి, అచ్చుకు ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి. మా అల్లుడికి రెండు రోజుల కూలీ పోతుంది. మిషన్లు ఇచ్చే ఏడిప్ పథకం 1981 నుంచి ఉంది. పిల్లల్లో లోపాలు కనిపెట్టే ఆర్‌బీఎస్‌కే పథకం 2013లో వచ్చింది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అక్కడికి నెలకొక రోజు ఆడియాలజిస్టును పంపి, అచ్చు తీసుకుని, మౌల్డు అక్కడికే చేరిస్తే మాలాంటివాళ్లకు సగం భారం తీరుతుంది. బ్యాటరీలు పీహెచ్‌సీలో దొరికేలా చూడాలి.

అంగన్‌వాడీ వాళ్లకూ ఒక పూట నేర్పించాలి. మా పాప వెళ్లే చోట, పాడైపోతుందేమోనని మిషను తీసి అలమరలో భద్రంగా పెట్టేవారు. చెడు ఉద్దేశం కాదు, ఎవరూ చెప్పలేదంతే. పెట్టడం, తీయడం నేను వెళ్లి చూపించాక ఇప్పుడు ఆ టీచరమ్మే పొద్దున్నే బ్యాటరీ చూస్తున్నారు.

ఇప్పుడున్న మౌల్డు వారం నుంచి మళ్లీ ఈల వేస్తోంది. సోమవారం విశాఖ వెళ్తున్నాం.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
పార్వతీపురం