రెండు జ్వరాలు, ఒకే ‘నుంచి’

సంపాదకులకు నమస్కారం.

మా పక్కింటి అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మొన్న స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు నుంచి ఏడుస్తూ వచ్చింది. ‘వుయ్ హావ్ బీన్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అందట. ‘పల్లెటూరి ఇంగ్లిష్’ అని సారు అందరి ముందూ అన్నారట. ముప్ఫై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పినదాన్ని, ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ పిల్ల అన్నది తప్పే. అయితే ఆ తప్పు తెలుగులోంచి వచ్చింది. మనం ‘సోమవారం నుంచి జ్వరం’ అంటాం, ‘నాలుగు రోజుల నుంచి జ్వరం’ అనీ అంటాం. రెండింటికీ ఒకే ‘నుంచి’ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. ఈ రెండు జ్వరాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసేదాన్ని. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్క పీరియడ్‌లో పట్టుబడేది. ఇలాంటి తప్పులే ఇంకా ఉన్నాయి. ‘యాంగ్రీ ఆన్ మీ’ వెనక ‘నా మీద కోపం’ ఉంది. ‘డిస్కస్ అబౌట్’ వెనక ‘దాని గురించి చర్చించడం’ ఉంది. ‘మ్యారీడ్ విత్’ అంటే ‘అతనితో పెళ్లయింది’ అన్నదే. మన విభక్తి మాట తర్వాత వస్తుంది, ఇంగ్లిష్‌లో ఆ పని చేసే ప్రిపోజిషన్ (ఇన్, ఆన్ లాంటి మాట) ముందొస్తుంది. చోటు మారినా పిల్లల మనసు మన విభక్తినే వెతుక్కుంటుంది. అది విప్పి చూపించాల్సింది టీచరే కదా!

నేనూ ఒక అన్యాయం చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టెన్త్ అబ్బాయి ‘ది హౌస్ ఐ లివ్ ఇన్’ అని రాశాడు. వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని మా మాస్టారు చెప్పిన మాట పట్టుకుని, ఎర్రసిరాతో కొట్టేసి అర మార్కు తీసేశాను. 1672లో డ్రైడన్ అనే కవి, నాటకకర్త బెన్ జాన్సన్ రాతల్లో దీన్ని దోషంగా ఎంచాడనీ, తర్వాత తన పాత వచనాన్ని కూడా దిద్దుకున్నాడనీ చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. ఆ నియమాన్ని ఇంగ్లిష్ వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే మూఢనమ్మకమని తేల్చేశాడు. ఇంగ్లిష్‌వాళ్లు రోజూ అలాగే మాట్లాడతారు, రాస్తారు. ఆ అబ్బాయి రాసింది మంచి ఇంగ్లిషు. ఆ అర మార్కు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

‘డిఫరెంట్ టు’ కనబడగానే సున్నా చుట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ‘డిఫరెంట్ ఫ్రమ్’ ఎక్కడైనా చెల్లుతుంది, నిజమే. కానీ బ్రిటన్‌లో ‘టు’ కూడా మామూలే, అమెరికాలో ‘డిఫరెంట్ దాన్’ కూడా వాడతారు.

జవాబు పత్రాలు దిద్దే టీచర్లను నేను కోరేది ఒకటే. తెలుగు నీడ పడి వచ్చిన తప్పును తెలుగుతోనే విడమరిచి చెప్పండి. తప్పే కానిదానికి మార్కు కోయకండి. మీ పత్రిక విద్యార్థుల పేజీకీ ఒక మనవి. తప్పొప్పుల పట్టిక వేసేటప్పుడు ప్రతి తప్పు పక్కనా అది ఏ తెలుగు వాక్యంలోంచి వచ్చిందో కూడా వేయండి. ముందు ఈ ‘నుంచి’తోనే మొదలుపెట్టండి.

– ఒక విశ్రాంత ఇంగ్లిష్ టీచరు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా