ఎముక లాగేముందు నొప్పికి మందివ్వమని ఆదేశించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. విరిగిన చెయ్యి, జారిన భుజం సరిచేసేటప్పుడు పేదలు పడే బాధ గురించి రాస్తున్నాను.

జారిపడి మణికట్టు విరిగిన పెద్దావిడ వస్తుంది. తుంటికి డైక్లోఫెనాక్ అనే నొప్పి తగ్గించే ఇంజక్షన్ వేస్తారు. అది పట్టకముందే ఒకరు మోచెయ్యి అదిమి పట్టుకుంటే ఇంకొకరు వేళ్లు పట్టి లాగుతారు. "ఓర్చుకో అమ్మా, అయిపోయింది" అంటారు. ఆ కేక ఓపీ లైను దాకా వినబడుతుంది. డాక్టర్లకు జాలి లేదని అనను. ఉన్నది ఒక్కరు, బయట యాక్సిడెంట్ కేసులు, మత్తు డాక్టరేమో థియేటర్లో.

కానీ మణికట్టుకు మత్తు డాక్టరే రానక్కర్లేదు. కుట్లు వేసేటప్పుడు వాడే లిగ్నోకెయిన్ చాలు. విరిగినచోట గూడుకట్టిన రక్తంలోకి సూది దించి, సిరంజిలోకి రక్తం వచ్చిందని చూసుకుని మందు ఎక్కిస్తారు. తర్వాత 10-15 నిమిషాలు ఆగాలి. మన దగ్గర జరగనిది ఆ ఆగడమే. జారిన భుజానికైతే అదే మందు కీలులోకి ఇవ్వొచ్చు. తుంటి విరిగిన ముసలివాళ్లకు గజ్జల దగ్గర నరానికి మత్తిస్తే, ఆపరేషన్ దాకా బెడ్‌పాన్ పెట్టిన ప్రతిసారీ నరకం చూడరు. పిల్లలకు కెటమిన్ అనే మత్తుమందు బాగా పనిచేస్తుంది, అయితే ఆక్సిజన్, పల్స్ ఆక్సీమీటర్, ఊపిరి కనిపెట్టే మనిషి పక్కన ఉండి తీరాలి.

2014లో నార్కోటిక్ (మత్తు పదార్థాల) చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ అందడం సులువు చేశారు. అయినా నేను పనిచేసినచోట రిజిస్టరులో దాని లెక్క రాయాలన్న టెన్షన్‌తో దాని ఊసే ఎత్తేవారు కాదు.

విరిగిన ఎముకకు నాటు కట్టు కోసం పుత్తూరు బస్సెక్కేవాళ్లకు మనం బుద్ధులు చెబుతాం. "పెద్దాసుపత్రిలో లాగేస్తారమ్మా, భయం" అని నాతో అన్నవాళ్లున్నారు. ఆ భయం పోగొట్టాల్సింది మనమే కదా!

చేతికి, కాలికి రక్తం అందని అత్యవసరంలో తప్ప, నొప్పికి ఏ మందు, ఎన్నింటికి ఇచ్చారో కేస్ షీట్లో రాయకుండా ఎముక లాగకూడదని ఆదేశమివ్వండి. క్యాజువాలిటీ డ్యూటీ డాక్టర్లందరికీ బోధనాసుపత్రుల మత్తు విభాగాల్లో ఈ ఇంజక్షన్లు నేర్పించండి. పక్కన ఉండి ఊపిరి, నాడి చూసుకోవడానికి నర్సులకూ ట్రైనింగ్ ఇప్పించండి. మా వాళ్లు శ్రద్ధగా చేస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు